మొండి ఘటాలు

మన భాషలో ఘటం అన్న మాటకు అర్థాలు చాలా ఉన్నాయి. కుండ ఒక అర్థం, దేహం మరొక అర్థం. కచేరీలో మృదంగం పక్కన మోగేది ఇంకొక ఘటం. ఎవరి మాటా వినని మనిషి మొండిఘటం. మా పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పే సహోపాధ్యాయుడు "విద్యుత్ ఘటం" అని పలికినప్పుడల్లా తెలుగు పండితుణ్ణయిన నాకు ఈ అర్థాలన్నీ ఒక్కసారిగా స్ఫురించి లోలోపల నవ్వు వచ్చేది. ఇంగ్లీషువారికి బ్యాటరీ అంటే మొదట వరుసగా నిలిపిన ఫిరంగుల దండు. పద్దెనిమిదవ శతాబ్దం నడుమ బెంజమిన్ ఫ్రాంక్లిన్, విద్యుత్తును నిలువచేసే గాజుజాడీలను వరుసగా కలిపి, ఆ కూర్పుకు ఫిరంగుల పేరు పెట్టాడు. మనవారు కుండ పేరు పెట్టారు. నా మట్టుకు మన పేరే వస్తువుకు దగ్గరగా ఉన్నదనిపిస్తుంది. నిండడం, కారిపోవడం, ఒకనాటికి పనికిరాకుండా పోవడం, ఈ మూడూ కుండ లక్షణాలే కదా!

ఈ ఘటచింత నాకు ఊరకే కలగలేదు. 2009లో మా అబ్బాయి విదేశం నుంచి వస్తూ అరచేతిలో ఇమిడిపోయే పాటల పెట్టె ఒకటి తెచ్చి ఇచ్చాడు. పాటలు వినడమే కాక గొంతు కూడా దానిలో ముద్రించవచ్చు. ఆ ఏడు దసరా సెలవుల్లో మా గురువుగారి దగ్గరకు వెళ్ళి, వారు భాగవత పద్యాలు చదువుతుండగా నాలుగు విడతలుగా ముద్రించుకున్నాను. అప్పటికి వారికి ఎనభై దాటాయి. 2011లో వారు కాలం చేశారు. ఆ పెట్టెను పట్టుబట్టలో చుట్టి బీరువాలో భద్రపరిచాను. చాలా ఏళ్ళ తరువాత, వారి శతజయంతి జరుపుదామని శిష్యులమందరం అనుకున్నప్పుడు తీసి మీట నొక్కితే, పెట్టె పలకలేదు. మొండిఘటం! దాని కథ తెలుసుకోబోయి మొత్తం వంశచరిత్రే చదవవలసి వచ్చింది. ఆ చదివినదే ఇక్కడ చెబుతున్నాను.

వంశానికి మూలపురుషుడు ఫ్రాన్సు దేశపు జార్జి లెక్లాంచి. 1866లో ఆయన చేసిన ఘటం నిజంగా గాజుకుండే. లోపల నవాసాగరపు ద్రావణం, తుత్తునాగపు కడ్డీ, మాంగనీసు డయాక్సైడు నడుమ బొగ్గుకడ్డీ. నవాసాగరం అంటే మరేమిటో కాదు, మన వీధుల్లో ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవారు చిటికెడు చల్లి పొగ రప్పించేదే. ఈ కుండను ఒంచితే ద్రవం ఒలికిపోయేది. 1886లో జర్మనీ వాడైన కార్ల్ గాస్నర్ ఆ ద్రవాన్ని ముద్దగా చేసి తుత్తునాగపు డబ్బాలోనే కూరి మూసివేశాడు. మన పాఠ్యపుస్తకాలు అనార్ద్ర ఘటం అన్నది దీనినే. నిజానికి లోపల తడి ఉండనే ఉంటుంది, ఒలకదు అంతే. ఇందులో గమనించవలసిన సంగతి ఒకటున్నది. పాత్రగా నిలిచిన తుత్తునాగమే ఇంధనంగా కరుగుతుంది. అంటే కుండ తన్ను తాను తిని బతుకుతుంది. గోడ పలచబడి చిల్లు పడిన రోజున లోపలి ముద్ద బయటికి కారుతుంది. వాడకం మానిన టార్చిలైటు మూత విప్పితే కనబడే ఆ తెల్లని పూత, ఆ తుప్పు, అన్నీ ఈ ఆత్మభక్షణ ఫలమే.

సంగీతాన్ని చేతపట్టుకుని తిరగాలన్న కోరిక పుట్టినప్పుడు అడ్డం వచ్చినది ఎప్పుడూ ఈ ఘటమే. రేడియోలో గాజు వాల్వులున్న కాలంలో, వాటి తీగలను ఎర్రగా కాల్చడానికి ఒక బ్యాటరీ, లోపలి పలకలకు పదుల వోల్టుల పీడనం ఇవ్వడానికి మరొక బ్యాటరీ కావలసి వచ్చేవి. పాట పాడడానికి ముందు పొయ్యి వెలిగించడం వంటి ఏర్పాటు అది. ట్రాన్సిస్టరు వచ్చి ఆ పొయ్యిని ఆర్పింది. 1954 అక్టోబరులో అమెరికాలో రీజెన్సీ టీఆర్-1 అన్న జేబు రేడియోను ప్రకటించారు. నాలుగు ట్రాన్సిస్టర్లు, 22.5 వోల్టుల చిన్న బ్యాటరీ, ధర 49 డాలర్ల 95 సెంట్లు. ఆ బ్యాటరీ ఇరవై గంటల పైచిలుకు పలికేది. మరుసటి ఏడు జపానులో సోనీవారు తమ మొదటి ట్రాన్సిస్టరు రేడియోను తెచ్చారు.

మన పల్లెలకు ట్రాన్సిస్టరు చేరేసరికి నేను పలకా బలపం పట్టుకున్న వయస్సులో ఉన్నాను. ఆనాటి రేడియోలో ఆపడం అంటే ఏమిటో నేటి పిల్లలకు చెప్పాలి. శబ్దాన్ని తగ్గించే బిరడానే ఎడమకు చివరిదాకా తిప్పితే "టక్" మని చప్పుడయ్యేది. ఆ చప్పుడుతో తీగ తెగినట్టే. లోపల రెండు లోహపు రేకులు విడిపోయి, ఘటం నుంచి ఒక్క రవ్వ విద్యుత్తు కూడా కదిలేది కాదు. మా నాయనగారు రాత్రి వార్తలు అయిపోగానే ఆ టక్కు వినబడిందా లేదా అని మళ్ళీ ఒకసారి తిప్పి చూసేవారు. సెల్లులు కొనడం ఆనాడు తేలిక ఖర్చు కాదు. నీరసించిన సెల్లులను బయటికి తీసి పెరటి గోడ మీద ఎండలో ఆరబెట్టేవారు. ఒడియాల పళ్ళెం పక్కనే నాలుగు సెల్లులు ఎండుతూ ఉండడం నాకు కళ్ళకు కట్టినట్టున్నది. సాయంత్రానికి అవి మళ్ళీ ఒక గంట పలికేవి.

దీనిని మూఢనమ్మకమని హైస్కూలులో ఒక అయ్యవారు ఎగతాళి చేశారు. అది తప్పు. ఘటం పనిచేస్తున్నప్పుడు బొగ్గుకడ్డీ చుట్టూ హైడ్రోజన్ చేరి ప్రవాహానికి అడ్డుపడుతుంది. మాంగనీసు డయాక్సైడు దానిని మెల్లమెల్లగా హరిస్తుంది. ఘటానికి విశ్రాంతి ఇస్తే ఆ హరించే పనికి వ్యవధి చిక్కుతుంది, వేడి తగిలితే ఆ పని త్వరపడుతుంది. కొత్త శక్తి ఏమీ పుట్టదు, ఉన్నదానికి దారి తెరుచుకుంటుంది. మా నాయనగారికి రసాయనశాస్త్రం రాదు గాని ఫలితం తెలుసు. మా నెల్లూరులోనే తయారైన నిప్పో సెల్లులు అంగళ్ళలోకి వచ్చిన తరువాత కూడా ఎండబెట్టే ఆచారం పోలేదు.

ఇంతలో అమెరికాలో లూయిస్ యూరీ అనే యువకుడు, యూనియన్ కార్బైడు కంపెనీ ప్రయోగశాలలో, నవాసాగరానికి బదులు క్షారాన్నీ, తుత్తునాగపు రేకుకు బదులు దాని పొడినీ వాడి క్షార ఘటాన్ని సిద్ధం చేశాడు. అధికారులను ఒప్పించడానికి రెండు ఆటబొమ్మ కార్లలో ఒకదానిలో పాత ఘటాన్నీ, రెండవదానిలో తన ఘటాన్నీ పెట్టి భోజనశాల నేల మీద పరుగెత్తించాడట. పాతది కొంత దూరంలో ఆగిపోతే కొత్తది చూసేవారికి విసుగు పుట్టేదాకా తిరిగింది. దీనికి 1960లో పేటెంటు లభించింది. తరువాత వచ్చిన పాటల పెట్టెలన్నీ ఈ క్షార ఘటం భుజాల మీద నడిచినవే.

1979 జూలై 1న జపానులో సోనీ వాక్‌మన్ విడుదలయింది. విమానప్రయాణాల్లో సంగీతం వినాలని సంస్థాపకుల్లో ఒకరైన మసారు ఇబుకా కోరడంతో, విలేకరులు వాడే చిన్న టేపురికార్డరు నుంచి ముద్రించే భాగాన్నీ స్పీకరునూ తీసివేసి, చెవికి తగిలించుకునే శ్రవణయంత్రాలను చేర్చారు. ధర 33,000 యెన్లు, రెండు చిన్న సెల్లులు. స్పీకరు తీసివేయడం ఘటానికి ఎంతో ఊరట. ఆ తరువాత మిగిలిన పెద్ద ఖర్చు టేపును లాగే మోటారు. అందుకే మన కుర్రకారు టేపును వెనక్కి తిప్పడానికి యంత్రాన్ని వాడేవారు కాదు. ఆరు పలకల పెన్సిలును క్యాసెట్టు చక్రంలో దూర్చి గిరగిరా తిప్పేవారు. మా తరగతి గదిలో పెన్సిళ్ళు లేవని చెప్పే పిల్లల జేబుల్లో ఈ పనికి మాత్రం ఒకటి దొరికేది.

క్యాసెట్టు యంత్రంలో సెల్లు చనిపోయే తీరు నాకు ఇష్టం. నవ్వకండి. శక్తి తగ్గుతున్న కొద్దీ మోటారు మందగించి, శ్రుతి కిందికి జారేది. ఘంటసాల వారి గొంతు మెల్లగా వృద్ధుడి గొంతయ్యేది. వింటున్నవాడికి సంగతి ముందే తెలిసిపోయేది. ఆపి, సెల్లులు మార్చి, మళ్ళీ వినేవాడు. అంకెల యంత్రాలకు ఈ సౌజన్యం లేదు. చివరి క్షణం దాకా నిండు గొంతుతో పాడి హఠాత్తుగా కుప్పకూలుతాయి.

1984లో వచ్చిన సోనీ డీ-50 అన్న చేతి సీడీ యంత్రం చూడడానికి చిన్నదే గాని, దాని ఘటాల పెట్టెను వేరుగా భుజానికి తగిలించుకోవలసి వచ్చేది. ఆ దశ గురించి ఇంతకన్నా చెప్పవలసినది లేదు. 1998లో ఎంపీత్రీ పెట్టెలు వచ్చాయి. వాటిలో పేరు పడిన రియో పీఎంపీ300లో 32 మెగాబైట్ల జ్ఞాపకం, ఒకే ఒక్క చిన్న సెల్లు. తిరిగే చక్రం లేదు, మోటారు లేదు. సెల్లు అయిపోతే ఏ కిళ్ళీకొట్టులోనైనా మరొకటి దొరికేది.

దారి మళ్ళినది 2001 అక్టోబరు 23న. ఆపిల్ వారి ఐపాడ్ ఆనాడు వెలువడింది. 399 డాలర్ల ధర, అయిదు గిగాబైట్ల తిరుగుడు పళ్ళెం, వెయ్యి పాటలు, పది గంటల వినికిడి అని చెప్పారు. తిరిగే పళ్ళెం ఘటాన్ని తాగివేస్తుంది కనుక, ఒక ఉపాయం చేశారు. పళ్ళెం కాసేపు తిరిగి, రానున్న ఇరవై నిమిషాల సంగీతాన్ని 32 మెగాబైట్ల జ్ఞాపకంలో పోసి, పడుకుంటుంది. ఒంటె ఒకసారి నీళ్ళు తాగి ఎడారి దాటినట్టు. పాటలను వరుసగా వినేవాడికి ఘటం నిలిచేది. ఒక్కొక్క పాటను పది సెకన్లు విని తోసివేసే చపలచిత్తుడికి పళ్ళెం మాటిమాటికీ లేచి తిరిగి ఘటం కరిగిపోయేది.

అయితే ఆ పెట్టెకు రెండు కొత్త లక్షణాలున్నాయి. ఒకటి, ఘటాన్ని మార్చుకోవడానికి మూత లేదు. రెండు, ఆపడానికి టక్కుమనే స్విచ్చి లేదు. పాడించే మీటనే కాసేపు నొక్కి పట్టుకుంటే నిద్రపోతుంది. నిద్ర అన్నది మర్యాద కోసం అన్న మాట కాదు. నిద్రలోనూ శ్వాస ఆడుతుంది, గడియారం నడుస్తుంది, ఘటం బొట్టుబొట్టుగా కారుతుంది. మీట నొక్కడం అంటే తీగను తెంపడం కాదు, లోపలి ప్రోగ్రాముకు "దయచేసి పడుకో" అని విన్నపం చేసుకోవడం. ఆ ప్రోగ్రాము వినే స్థితిలో ఉంటే వింటుంది.

వినే స్థితిలో లేకపోతే ఏమవుతుందో 2008 డిసెంబరు 31న లోకం చూసింది. మైక్రోసాఫ్ట్ వారి జూన్ అన్న పెట్టెల్లో, 2006లో విడుదలైన ముప్ఫై గిగాబైట్ల రకం, ఆనాడు దేశమంతటా ఒకేసారి బిగుసుకుపోయింది. మీటలు పనిచేయవు, ఆపుదామన్నా ఆగదు. దోషం సంగీతంలో లేదు, పంచాంగంలో ఉన్నది. లోపలి గడియారపు ప్రోగ్రాము 1980 జనవరి 1 నుంచి రోజులు లెక్కపెట్టుకుని, ఆ మొత్తం నుంచి ఏడాదికి ఏడాది తీసివేస్తూ నడుస్తున్న సంవత్సరాన్ని కనుక్కుంటుంది. మిగిలినది 365 కన్నా ఎక్కువగా ఉన్నంతసేపూ తీసివేతను సాగించాలన్నది ఆదేశం. లీపు సంవత్సరమైతే, మిగిలినది 366 కన్నా ఎక్కువ ఉంటేనే 366 తీసివేయాలన్నది లోపలి ఆదేశం. 2008 లీపు సంవత్సరం. డిసెంబరు 31 దానిలో సరిగ్గా 366వ రోజు. 366 అన్నది 365 కన్నా ఎక్కువే కనుక ఆగడానికి వీలులేదు. 366 కన్నా ఎక్కువ కాదు కనుక తీసివేయడానికీ వీలులేదు. పాపం, యంత్రం గానుగెద్దులాగా అక్కడే తిరుగుతూ ఉండిపోయింది.

అధికమాసాలనూ క్షయమాసాలనూ తాటాకు మీద లెక్క కట్టిన మన సిద్ధాంతిగార్లు ఇది విని ఉంటే మీసాల చాటున నవ్వుకునేవారు. కాని నాకు ఆశ్చర్యం కలిగించినది కంపెనీవారు చెప్పిన చికిత్స. ఏమీ చేయకండి, ఘటం పూర్తిగా అయిపోయేదాకా వేచి ఉండండి, జనవరి 1న గ్రీనిచ్ కాలమానం ప్రకారం మధ్యాహ్నం దాటాక మళ్ళీ విద్యుత్తు ఎక్కించి మీట నొక్కండి, అన్నారు. అందరూ అలాగే చేశారు, పెట్టెలు బతికాయి. టక్కుమనే స్విచ్చిని తీసివేసిన మానవుడికి ఆనాడు మిగిలిన ఏకైక స్విచ్చి ఘటం ఖాళీ కావడమే!

ఇక మూత లేకపోవడం గురించి. లిథియం అయాన్ ఘటాన్ని మొదట అంగడికి తెచ్చినది 1991లో సోనీవారు. దాని వెనుక కృషి చేసిన గుడెనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. తేలిక, శక్తి ఎక్కువ. కాని ప్రతి నింపుడికీ రవ్వంత అరుగుతుంది, వేడికి మరింత అరుగుతుంది. రెండు మూడేళ్ళకు పది గంటల పెట్టె మూడు గంటల పెట్టె అవుతుంది. 2003లో న్యూయార్కులో కేసీ నైస్టాట్, వాన్ నైస్టాట్ అనే సోదరులు తమ ఐపాడ్ బ్యాటరీ పద్దెనిమిది నెలల్లో చచ్చిపోతే, బాగుచేయించే ఖర్చుకు కొత్తది కొనుక్కోవడం మేలన్న సమాధానం వచ్చిందని చిన్న చలనచిత్రం తీసి, నగరంలోని ఆ సంస్థ గోడప్రకటనల మీద రంగు చల్లి, దీని మార్చలేని బ్యాటరీ పద్దెనిమిది నెలలే అని అచ్చుకొట్టారు. అదే నెలలో సంస్థవారు 99 డాలర్లకు బ్యాటరీ మార్చే ఏర్పాటు ప్రకటించారు. ఏర్పాటు ముందే సిద్ధమవుతున్నదో, అల్లరికి వచ్చినదో మనం తేల్చనక్కరలేదు. కోర్టులో వ్యాజ్యం కూడా నడిచి 2005లో రాజీ కుదిరింది. కొందరికి 50 డాలర్ల కొనుగోలు చీటీలు, కొందరికి కొత్త బ్యాటరీలు దక్కాయి.

నా అభిప్రాయం దాచుకోను. కొన్నవాడికి తన వస్తువు మూత తెరిచే హక్కు ఉండాలి. గడియారం ఎంత సన్ననిదైనా వెనుక మూత ఉంటుంది. సన్నదనం కోసమే అతికించాం అన్న వాదంలో కొంత నిజం ఉన్నా, మొత్తం నిజం లేదు. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన చట్టం ఇటువంటి పరికరాల బ్యాటరీలను వాడేవాడే విప్పి మార్చుకోగలిగేలా ఉండాలనీ, ఆ నియమం 2027 ఫిబ్రవరి నుంచి వర్తిస్తుందనీ నిర్దేశించింది. అప్పటికి ఐపాడ్ వంశమే అంతరించింది. 2022 మే నెలలో ఆఖరి రకాన్ని కూడా ఆపివేశారు.

మా గురువుగారి గొంతున్న పెట్టె సంగతికి వస్తాను. దాన్ని చంపినవారిలో నేనూ ఒకణ్ణి. వెనుకటి నికెల్ కాడ్మియం ఘటాలకు ఒక స్మృతిదోషం ఉండేది. సగం ఖాళీ కాగానే మళ్ళీ మళ్ళీ నింపుతూ ఉంటే, ఆ సగాన్నే తన నిండుదనంగా భావించుకునేది. అందుచేత పూర్తిగా ఖాళీ చేసి ఉంచడమే మంచిదని ఎవరో చెప్పగా విని ఉన్నాను. ఆ పాఠాన్ని లిథియం ఘటానికి అప్పజెప్పాను. బీరువాలో పెట్టే ముందు పాటలు పెట్టి పెట్టి, ఆఖరి చుక్కదాకా కార్చి, అప్పుడు పట్టుబట్టలో చుట్టాను. లిథియం ఘటానికి ఇంతకన్నా అపకారం లేదు. ఒక హద్దుకన్నా కిందికి దిగితే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. కాపుదలకు ఉంచిన చిన్న కవాటం ఇక విద్యుత్తును లోపలికి రానివ్వదు. సగం నింపి, చల్లని చోట పెట్టి, అప్పుడప్పుడు చూసుకోవలసినదట. ఒక యుగపు ధర్మం మరొక యుగానికి అధర్మమయింది.

ఆ కంపెనీవారి సేవాకేంద్రానికి తీసుకువెళితే కౌంటరు వెనుక అమ్మాయి మర్యాదగానే చెప్పింది. "అంకుల్, ఈ మోడల్‌కి ఇప్పుడు విడిభాగాలు రావు. పంపినా మొత్తం చెరిపేసే పని మొదలుపెడతారు. కొత్తది తీసుకోండి." గొంతు సంగతి చెప్పాను. ఆమెకు జాలి కలిగింది గాని నిబంధనకు కలగలేదు.

చివరకు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రవాడు పని పట్టాడు. సన్నని ప్లాస్టిక్ ముక్కతో అంచు లేపి, ఉబ్బిన ఘటాన్ని జాగ్రత్తగా వేరుచేశాడు. "ఇది పోయింది మాస్టారూ. కానీ మీ రికార్డింగు ఉండేది దీంట్లో కాదు, ఈ నల్ల చిప్పులో. దానికి కరెంటు లేకపోయినా గుర్తుంటది" అని, ఏదో పాత ఫోను ఘటాన్ని రెండు తీగలతో అతికించాడు. తెర వెలిగింది. నాలుగు పేర్లు కనబడ్డాయి.

మొదటి మూడూ పలికాయి. గురువుగారు పద్యం ఎత్తుకునే ముందు గొంతు సవరించుకోవడం, పెరట్లో ఎవరో గిలకబావి తోడడం కూడా వినబడ్డాయి. నాలుగవదాని ఎదుట నిడివి సున్న అని చూపించింది. ముద్రణ సాగుతుండగానే ఆనాడు ఘటం అయిపోయి ఉంటుందనీ, అలా అర్ధాంతరంగా ఆగితే దస్త్రం మూతపడదనీ కుర్రవాడు వివరించాడు. అతని చేతనే ఆ మూడింటినీ మూడు చోట్లకు ఎక్కించాను. నాలుగవ విడతలో వారు చదివినది గజేంద్రుడి మొర అని నాకు గుర్తు. ఆ రోజు నా పక్కనే కూర్చున్న సహాధ్యాయి మాత్రం కాదు, వామనుడి ఘట్టం అంటున్నాడు.